పాఠకుల ప్రశ్నలు: బిగిసిన చేతులు, మునిగిన బండి

ప్రశ్న: కిందటి నెలలో మొదటిసారి ఔత్సాహికుల క్రాస్‌కంట్రీ మోటార్‌సైకిల్ రేసులో పాల్గొన్నాను. రేసు వ్యవధి రెండు గంటలు. ఇరవై నిమిషాలు గడిచేసరికి ముంజేతులు రాళ్లలా బిగిసిపోయి, క్లచ్ లాగడానికి వేళ్లు సహకరించలేదు. రెండో చుట్టులోనే విరమించుకున్నాను. రోజూ బరువులెత్తే అలవాటు ఉన్నవాణ్ణి. ముంజేతులకు వ్యాయామం ఇంకా పెంచాలా?

జవాబు: మీ చేతుల్లో ఉన్న బలం ఈ పనికి చాలు. ఆ బలాన్నంతా మీరు హ్యాండిల్‌ను పిసకడానికే ఖర్చు పెట్టినట్టున్నారు. రైడర్లు దీన్ని ఆర్మ్ పంప్ అంటారు. ముంజేతి కండరాల చుట్టూ అంతగా సాగని ఒక గట్టి పొర ఉంటుంది. పిడికిలి సడలకుండా ఉన్నంతసేపూ కండరంలోకి రక్తం వచ్చి చేరుతూనే ఉంటుంది కానీ, లోపలి ఒత్తిడికి సిరలు నొక్కుకుపోయి అది తిరిగి వెళ్లే దారి ఇరుకవుతుంది. కండరం ఉబ్బిన కొద్దీ ప్రసరణ మందగించి, చివరకు వేళ్లు మన మాట వినడం మానేస్తాయి. అందువల్ల బరువులెత్తి చేతులను ఇంకా లావు చేసుకున్నంత మాత్రాన ఈ చిక్కు తీరదు. పట్టు ఎందుకు బిగుస్తున్నదో చూసుకోవాలి.

సాధారణంగా కాళ్లు చేయవలసిన పని చేతుల మీద పడటమే దీనికి కారణం. బండిని చదునైన చోట నిలిపి, కదలకుండా పట్టుకోమని ఒక మిత్రుణ్ణి అడిగి, మీరు ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడండి. మోకాళ్లతో ట్యాంకును అదిమి, నడుము దగ్గర కొద్దిగా వంగి, హ్యాండిల్ మీది నుంచి రెండు చేతులూ నెమ్మదిగా ఎత్తండి. ఒళ్లు ముందుకు తూలితే మీ బరువు అరచేతులు మోస్తున్నాయనీ, వెనక్కి వాలితే ఇంతకాలం హ్యాండిల్‌ను పట్టుకుని వేలాడుతున్నారనీ అర్థం. రేసులో యాక్సిలరేటర్ ఇచ్చిన ప్రతిసారీ ఆ వేలాటే ముంజేతులను పీల్చేస్తుంది. తూలకుండా నిలబడగలిగే చోటు దొరికేదాకా ఇది సాధన చేసి, ఆ తరువాత నెమ్మదిగా నడుపుతూ అదే భంగిమను అలవాటు చేసుకోండి.

ఇక బండి సంగతి. మీరు నిలబడి ఉన్నప్పుడు మణికట్టు పైకి మడత పడకుండా, ముంజేయి నుంచి వేళ్ల దాకా ఒకే వరుసలో ఉండేటట్టు క్లచ్, బ్రేకు లివర్లను కిందికి తిప్పి బిగించుకోండి. వెనుక సస్పెన్షన్ మొత్తం కదలిక 300 మిల్లీమీటర్ల దాకా ఉండే బండిలో, మీరు హెల్మెట్, బూట్లతో సహా ఎక్కినప్పుడు అది సుమారు 100 మిల్లీమీటర్లు దిగాలి. బాగా తక్కువ దిగుతున్నదంటే స్ప్రింగు మీ బరువుకు గట్టిదై ఉండవచ్చు. అప్పుడు ప్రతి రాయి దెబ్బా మీకు తగులుతుంది. ట్యూబు ఉన్న టైర్లకు 12 నుంచి 15 పి.ఎస్.ఐ. మధ్య గాలి సరిపోతుంది, రాళ్ల నేల అయితే కొంచెం ఎక్కువ పెట్టవచ్చు. రోడ్డు మీది అలవాటు కొద్దీ ముప్పై దాకా కొట్టించుకుని వచ్చి, బండి ఎగిరెగిరి పడుతున్నదని వాపోయే కొత్తవారిని చాలామందిని చూశాను.

ఇవన్నీ సరిచేసుకున్నా, మొదటి పావుగంట తొందర మిమ్మల్ని మళ్లీ అక్కడికే తీసుకుపోగలదు. చాలా రేసుల్లో తరగతుల వారీగా వరుసలు కట్టి, ఇంజిన్లు ఆపి ఉంచి, జెండా ఊపగానే స్టార్ట్ చేసి దూకమంటారు. ఆ నిశ్శబ్దంలో నిలబడినప్పుడే పిడికిలి బిగుస్తుంది, ఊపిరి ఆగుతుంది. అమెరికాలోని గ్రాండ్ నేషనల్ క్రాస్‌కంట్రీ పోటీలలో ఔత్సాహికులు సుమారు రెండు గంటలు, వృత్తి రైడర్లు మూడు గంటలు నడుపుతారు. అంతసేపు సాగే పోటీలో మొదటి మలుపు దగ్గర సంపాదించే నాలుగు స్థానాలకు విలువ ఎంత? నా మొదటి రేసులో ఆ నాలుగు స్థానాల కోసమే వెళ్లి, మొదటి మలుపులోనే పడి, వంగిపోయిన క్లచ్ లివర్‌తో మిగతా రేసంతా నెట్టుకొచ్చాను. మొదటి చుట్టులో హెల్మెట్ లోపల ఒక పూర్తి వాక్యం ఆయాసపడకుండా పలకగలిగే వేగంలో వెళ్లండి. సాఫీగా ఉన్న తిన్నని దారి వచ్చినప్పుడల్లా వేళ్లు కాస్త వదులు చేసి, గట్టిగా ఊపిరి వదలండి. రేసు ముగిసి విశ్రాంతి తీసుకున్న తరువాత కూడా నొప్పి, తిమ్మిరి తగ్గకపోతే మాత్రం ఇవేవీ ప్రయత్నిస్తూ కూర్చోకుండా వైద్యుణ్ణి కలవండి.

ప్రశ్న: వాగు దాటుతుండగా బండి పక్కకు పడి మునిగింది. లేవనెత్తి సెల్ఫ్ నొక్కబోతుంటే పక్కనున్న రైడరు అరిచి ఆపాడు. నొక్కితే ఏమయ్యేది?

జవాబు: మీ ఇంజిన్‌ను ఆయన కాపాడాడనే చెప్పాలి. గాలిలా నీరు నొక్కుకుపోదు. సిలిండర్‌లో నీరుండగా పిస్టన్‌ను బలంగా పైకి తోస్తే, నీరు లొంగదు కనుక కనెక్టింగ్ రాడ్డు వంగవచ్చు. ముందు బండిని ఒడ్డుకు చేర్చి, ముందు చక్రం పైకెత్తి సైలెన్సర్‌లోని నీటిని వంపేయాలి. ఎయిర్ ఫిల్టర్ తీసి పిండి, దాని పెట్టెను తుడవాలి. తరువాత స్పార్క్ ప్లగ్ విప్పి, కిక్కుతో గానీ సెల్ఫ్‌తో గానీ ఇంజిన్‌ను తిప్పితే ఆ రంధ్రం గుండా నీరు చిమ్ముకుంటూ బయటికి వస్తుంది, కాబట్టి మొహం పక్కకు పెట్టుకోండి. చిమ్మడం ఆగాక ప్లగ్ తుడిచి బిగించి స్టార్ట్ చేయవచ్చు. ఫోర్‌స్ట్రోక్ బండి అయితే ఇంజిన్ ఆయిల్ కూడా చూడాలి. అది పాలు కలిపిన టీ రంగుకు తిరిగి ఉంటే నీరు కలిసినట్టే. అలాంటప్పుడు ఆయిల్ మార్చకుండా రేసు కొనసాగించకూడదు. ప్లగ్ స్పానరు నడుము సంచిలో లేకపోతే ఇదంతా తెలిసీ లాభం లేదు.

ప్రశ్న: వెనుక నుంచి వేగంగా వచ్చేవారికి దారి ఇవ్వడానికి ట్రాక్ దిగిపోవాలా?

జవాబు: అక్కరలేదు. బెదిరి ఒక్కసారిగా పక్కకు తప్పుకుంటే, వెనుకవాడు ఎంచుకున్న దారికే అడ్డుపడే ప్రమాదం ఉంది. మీ దారిలో మీరు నిలకడగా సాగుతూ, వెడల్పైన చోటు రాగానే ఒక వైపుకు జరగండి, అతను దాటిపోతాడు. గుర్తులు కట్టిన హద్దు దాటితే, నిర్వాహకుల నియమాలను బట్టి శిక్ష పడవచ్చు. పొరపాటున దాటినట్లయితే ఎక్కడ బయటికి వెళ్లారో అక్కడి నుంచే తిరిగి ట్రాక్‌లోకి రండి.