పిల్లల్ని శంకుస్థాపనకు తీసుకెళ్లాను, మీరూ తీసుకెళ్లండి

తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని రాజకీయ సభలకు తీసుకెళ్లవచ్చా, చదువు పాడవదా అని కొందరు నన్ను అడిగారు. తీసుకెళ్లవచ్చు అని కాదు, తీసుకెళ్లి తీరాలి అంటాను నేను. అప్పటి చిత్తూరు జిల్లాలో పాకాల చుట్టుపక్కల హైస్కూళ్లలో ఏళ్ల తరబడి సోషల్ చెప్పాను. 2015 అక్టోబర్ 22న, విజయదశమి రోజు, ఉద్దండరాయునిపాలెంలో అమరావతికి శంకుస్థాపన జరిగినప్పుడు మా పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లాను. ఎక్కువమంది ఆడపిల్లలే.

తల్లిదండ్రుల్ని ఒప్పించడమే పెద్ద పని అయింది. "మీటింగులకు పోయేది కూలికి పోయే జనం మేడమ్, మన బిడ్డలెందుకు?" అన్నాడు ఒక తండ్రి. ఆయన మాటలో తప్పు లేదు. సభ అంటే బిర్యానీ ప్యాకెట్, తలకింత అనే లెక్క మన దగ్గర ఎప్పుడో స్థిరపడిపోయింది. అందుకే మా పిల్లల్ని ఆ లెక్కలో కలపనివ్వనని మాటిచ్చాను. ఊరివాళ్లు మాట్లాడుకున్న బస్సులో మా చార్జీ మేమే కట్టుకున్నాం, తినడానికి చిత్రాన్నం మేమే కట్టుకున్నాం. ఎవరి కండువా వేసుకోలేదు, ఎవరి జెండా పట్టుకోలేదు.

రాత్రి బయల్దేరాం. శ్రీకాళహస్తి దాటి నాయుడుపేటలో హైవే ఎక్కేదాకా పాటలు, గోల. తర్వాత నేను మొదలుపెట్టాను. 1937లో శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని గానీ హైకోర్టు గానీ సీమ కోరుకున్నది సీమకు ఇస్తామని కోస్తా, సీమ పెద్దలు రాసుకున్న సంగతి, 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధాని అయిన సంగతి, 1956లో అది హైదరాబాదుకు పోయిన సంగతి చెప్పాను. వెనక సీట్లోంచి ఒక పిల్లవాడు లేచాడు. "అట్లయితే రాజధాని మన సీమకే రావాల గదా మేడమ్? చప్పట్లు కొట్టేదానికి మనమెందుకు పోతా ఉండాం?" బస్సులో పెద్దవాళ్లు కూడా నావైపు తిరిగారు. నేనూ సీమ మనిషినే, ఆ బాధ నాకూ ఉంది. "చప్పట్లు కొట్టమని నేను చెప్పలేదు నాయనా. వచ్చి చూడు. కొట్టాలో వద్దో నువ్వే తేల్చుకో" అన్నాను.

నేను అసలు చెప్పదలచుకున్నది సభ గేటు దగ్గర జరిగిన సంగతి. క్యూలో నా ముందున్న అమ్మాయి వేసుకున్నది ఎర్ర పంజాబీ డ్రెస్సు, నల్ల చున్నీ. పండగని కొత్తది కట్టుకొచ్చింది. తనిఖీ చేస్తున్న ఆవిడ చున్నీ కొస పట్టుకుని "నలుపు లోపలికి పోనీయం, ఇక్కడే పెట్టేయ్" అంది. పక్కన అప్పటికే ఒక కుప్ప ఉంది. నల్ల తువ్వాళ్లు, నల్ల కర్చీఫులు, నీళ్ల సీసాలు, ఎవరిదో నల్ల గొడుగు. పిల్ల ముఖం కందిపోయింది. అన్ని వేలమంది మగవాళ్ల మధ్య చున్నీ లేకుండా నడవమంటే పద్నాలుగేళ్ల పిల్లకు ఎట్లా ఉంటుందో ఆ నిబంధన పెట్టినవాళ్లు ఆలోచించలేదు. మా బస్సులో వచ్చిన ఒక అవ్వ తన భుజం మీది పసుపు తువ్వాలు తీసి ఆ పిల్ల మీద కప్పింది. ఇద్దరూ లోపలికి నడిచారు.

కూర్చున్నాక ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట: "నలుపంటే వాళ్లకు ఎందుకు మేడమ్ భయం?" నల్లజెండాల సంగతి చెప్పాను. నిరసన తెలిపే హక్కు మనకు రాజ్యాంగం ఇచ్చిందని, 19వ అధికరణ అదేనని చెప్పాను. ఆ పాఠం క్లాసులో అంతకుముందే చెప్పాను, అప్పుడు అందరూ ఆవులించారు. ఈసారి వెనక వరసల్లోని పిల్లలు కూడా ముందుకు వంగి విన్నారు.

తర్వాత సభ సంగతి తెలిసిందే. గవర్నరు వచ్చారు, తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ వచ్చారు, జపాన్, సింగపూర్ మంత్రులు వచ్చారు. ప్రధాని మోదీ పార్లమెంటు ఆవరణలోని మట్టి, యమునా నీళ్లు తెచ్చి చంద్రబాబు చేతికిచ్చారు. "మన మట్టి - మన నీరు" అని ఊరూరి నుంచి సేకరించినప్పుడు మా ఊరి చెరువు మట్టి తవ్వి కలశంలో పెట్టింది ఈ పిల్లలే కాబట్టి మెడలు సాచి చూశారు. ప్రధాని ప్రసంగిస్తున్నంతసేపూ మా ముందు కూర్చున్న రైతులు "ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు" అనుకుంటూనే ఉన్నారు. ప్రత్యేక హోదా మాట కోసం, ప్యాకేజీ మాట కోసం. విభజన చట్టంలో ఉన్నవన్నీ చేస్తామన్నారు తప్ప ఆ మాట రాలేదు. ఆ జనం ముఖాలు వాడిపోవడం ఏ టీవీ చూపించింది? టీవీకి వేదిక చాలు. మా పిల్లలు జనంలో కూర్చుని చూశారు, ఆ తేడా వాళ్లకు తెలిసింది.

ఇంకొకటి చెప్పాలి. మా ఆడపిల్లలు పొద్దుటి నుంచీ నీళ్ల ప్యాకెట్లు చేత్తో పట్టుకున్నారే గానీ తాగలేదు. మరుగుదొడ్డికి ఎక్కడికి పోవాలో తెలియక. లక్షల మందిని పిలిచేవాళ్లు ఆడవాళ్ల గ్యాలరీ పక్కన నాలుగు మరుగుదొడ్లు పెట్టించలేరా? ఏ పార్టీ సభకు పోయినా ఇదే బాధ. ఆడవాళ్లు సభలకు రారని మళ్లీ మైకులోనే అంటారు.

తిరుగు దారిలో ఫోన్లో వార్త చూశారు. ప్రధాని అటు నుంచి అటే మన తిరుపతికి వచ్చి, రేణిగుంట విమానాశ్రయంలో కొత్త టెర్మినల్ ప్రారంభించి, తిరుమల కొండెక్కారట. "మన ఊరికే వచ్చినాడు గదా మేడమ్!" అని ఒకటే గోల.

చదువు పాడవుతుందన్న భయానికి నా జవాబు ఆరేళ్ల తర్వాత దొరికింది. అమరావతితో పాటు విశాఖ, కర్నూలు కూడా రాజధానులేనన్న మూడు రాజధానుల ప్రకటన వచ్చాక అమరావతి రైతులు 2021 నవంబర్ 1న తుళ్లూరులో బయల్దేరి తిరుపతి దాకా నడిచారు, డిసెంబర్ 17న తిరుపతిలో సభ పెట్టారు. నల్ల చున్నీ అమ్మాయి అప్పుడు తిరుపతిలోనే చదువుతోంది. ఆ సభకు పోయింది. భూములిచ్చిన ఆడవాళ్ల పక్కన కూర్చుని, శంకుస్థాపన రోజు నేనూ అక్కడున్నానని చెప్పిందట. మరుసటి రోజే తిరుపతిలో మూడు రాజధానులు కావాలని ఇంకో సభ జరిగింది. బస్సులో నన్ను ప్రశ్నించిన పిల్లవాడు దానికి పోయాడు. ఇద్దరూ వేర్వేరుగా నాకు ఫోన్ చేశారు. ఒకరు రైతులు రాజధానికి ఇచ్చిన 33 వేల ఎకరాల లెక్క చెబితే, ఒకరు శ్రీబాగ్ చెప్పారు. ఇద్దరికీ తేదీలు నోటికి వచ్చు. వాళ్లిద్దరిలో ఎవరిది ఒప్పని నేను తీర్పు చెప్పలేదు, చెప్పను కూడా. 2025 మే 2న ప్రధాని మళ్లీ వచ్చి అమరావతి పనులు ప్రారంభించిన రోజు కూడా ఇద్దరూ వాదించుకున్నారు.

చిన్నప్పుడు ఒక్క పెద్ద సభనైనా కళ్లారా చూడని పిల్లలు రేపు ఓటు వేయడానికి బద్ధకిస్తారు. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. చూసినవాళ్లే అడుగుతారు.

కాబట్టి తీసుకెళ్లండి. పరీక్షల ముందు వద్దు, మేం వెళ్లింది దసరా సెలవుల్లో కాబట్టి ఒక్క పాఠం పోలేదు. ఎవరి డబ్బుతోనూ పోవద్దు. ఏ హామీ మీద, ఏ చట్టం మీద ఆ సభ జరుగుతోందో దారిలోనే చెప్పండి. ఆడపిల్లలుంటే నల్ల చున్నీ ఇంట్లోనే పెట్టించండి, మరుగుదొడ్డి ఎక్కడుందో దిగగానే మీరే ముందు వెళ్లి చూసి రండి.