ముందు ఒక గోడ కట్టి చూడు

హనుమకొండ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

ఐదేళ్ల బీ.ఆర్క్ ముగించి హైదరాబాదులో ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు గడిచినా, స్నానాల గదులు, మెట్ల డ్రాయింగులు తప్ప నీ సొంత ఊహ ఒక్కటీ కట్టడం దాకా రాలేదని బాధపడుతూ నువ్వు రాసిన ఉత్తరం అందింది. దానితో పంపిన జాలీ గోడ (ఇటుకల నడుమ సందులు వదిలి కట్టే గోడ) బొమ్మలను రెండు రోజులు చూస్తూ ఉన్నాను. ఒక్కో ఇటుకను కొద్దికొద్దిగా తిప్పుతూ గాలిని లోపలికి మళ్లించాలన్న ఆలోచన ఓరుగల్లు ఎండలో పెరిగిన పిల్లకే వస్తుంది బిడ్డా, దానిని వదులుకోవద్దు.

మెట్ల డ్రాయింగును మాత్రం చిన్నచూపు చూడకు. మెట్టు ఎత్తులో ఒక్క అంగుళం తేడా వస్తే అది ఆ ఇంటి ముసలమ్మ మోకాళ్లకు రోజూ తెలుస్తుంది. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు ఇంకా కాకపోతే వెంటనే చేయించుకో. 1972 నాటి చట్టం ప్రకారం ఆ నమోదు లేకుండా ఆర్కిటెక్టునని చెప్పుకోరాదు.

ఇక ప్రయోగాల మాట. నీ వయసులో నేనూ ఒక రైతు ఇంటికి పడమటి వైపు జాలీ గోడ పెట్టించాను. ఎండాకాలమంతా అందరూ మెచ్చుకున్నారు. మొదటి ముసురుకే జల్లు లోపలికి కొట్టి, ఆ అర్రలో పెట్టిన వడ్ల బస్తాలు తడిసి మొలకెత్తాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు కానీ, నా ఖర్చుతో ఆ గోడను మూయించిన రోజు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. వాన ఏ దిక్కు నుంచి కొడుతుందో ఆ ఊరి సుతారిని (తాపీ మేస్త్రీని) ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. అందుకే చెబుతున్నాను, నీ ఊహను ఎదుటివాడి ఇంటి మీద మొదటిసారి పరీక్షించకు. రెండు మూడు వందల ఇటుకలు కొని, మా పెరట్లో ఆరడుగుల గోడ కట్టించి, ఒక వానాకాలం గడవనివ్వు.

అదే చేత్తో ర్యాట్ ట్రాప్ బాండ్ కూడా కట్టించి చూడు. ఇటుకలను అంచు మీద నిలబెట్టి నడుమ ఖాళీ వదిలే ఆ పద్ధతిని ఆర్కిటెక్టు లారీ బేకర్ కేరళలో విరివిగా వాడారు. దాదాపు పావు వంతు ఇటుకలు మిగలడమే కాక, లోపలి ఖాళీ వేడిని అడ్డుకుంటుంది. కట్టేటప్పుడు సుతారి పక్కనే నిలబడు. కంప్యూటరులో గీసిన వంపును అతను దారంతో, గుండుతో ఎలా పట్టుకుంటాడో, ఎక్కడ ఆగి తల గోక్కుంటాడో గమనిస్తే నీ డ్రాయింగులో ఏది మార్చాలో అక్కడే తెలుస్తుంది.

పాలంపేట రామప్ప గుడికి చిన్నప్పుడు నాతో వచ్చావు, అప్పుడు శిల్పాలే చూశావు. 1213 నాటి ఆ గుడికి పునాది గుంతలో ఇసుక నింపారు, శిఖరానికి నీటిలో తేలేటంత తేలికైన ఇటుకలు వాడారు. కింద నేల కోసం ఒక ప్రయోగం, పైన బరువు తగ్గించడానికి మరొకటి, రెండూ చూసేవారి కంటికి కనిపించవు. నీ గోడలో తిరిగిన ప్రతి ఇటుకకూ అలాంటి కారణం ఒకటి నువ్వు చెప్పగలగాలి. చెప్పలేని చోట ఇటుకను మామూలుగానే పెట్టు.

దసరాకు వచ్చేటప్పుడు కొలత టేపు, దళసరి నోటుబుక్కు తెచ్చుకో. మా వాడకట్టులో డంగు సున్నంతో కట్టిన పాత భవంతి ఒకటి దీపావళి తరువాత కూలగొడతారట. నడుమ వాకిలి కొలతలు, గోడల మందం, వాసాల అమరిక అన్నీ ఈలోగా మనిద్దరం గీసి పెట్టుకుందాం. ఇంటివారితో మాట్లాడాను, ఒప్పుకున్నారు.

ఇట్లు
మీ మామయ్య