తాతయ్య కోసం పరుగెత్తుతానంటే అమ్మ మాట్లాడటం మానేసింది

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. నన్ను పెంచింది మా తాతయ్యే. ఐదేళ్లు డిమెన్షియాతో (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా క్షీణించే జబ్బు) బాధపడి పోయిన ఏడాది కన్నుమూశారు. ఒకరోజు నన్ను చూసి ‘ఎవరమ్మా నువ్వు?’ అన్నారు. ఆ తర్వాత వెళ్లడం తగ్గించేశాను. ఆఖరి ఏడాదిలో రెండుసార్లే చూశాను. ఇప్పుడు ఆయన జ్ఞాపకార్థం డిమెన్షియా పరిశోధనకు విరాళాలు సేకరిస్తూ 21 కిలోమీటర్లు పరుగెత్తాలని పేరిచ్చాను. అమ్మకు చెబితే, ‘ఉన్నప్పుడు నాలుగడుగులు వేసి రాలేకపోయావు. ఇప్పుడెవరి కోసం ఈ పరుగు?’ అంది. అప్పట్నుంచీ నాతో మాట్లాడటం లేదు. పరుగు మానేయాలా? ఈ జబ్బు నాకూ వస్తుందేమోనని భయంగానూ ఉంది.

జవాబు: మానొద్దు. కానీ విరాళాల కోసం ఇంకెవరినీ అడగకముందే అమ్మగారి దగ్గరికి వెళ్లండి.

ఆమె కోపం పరుగు మీద కాదు. ఆ ఐదేళ్లలో తాతయ్యకు స్నానం చేయించింది, అడిగిన ప్రశ్నే నలభైసార్లు అడిగితే జవాబు చెప్పింది, పొద్దుగూకితే ‘ఇంటికి పోతాను’ అంటూ లేచే మనిషిని ఇంట్లోనే ఉంచి ఊరడించింది ఎవరు? డిమెన్షియా ఉన్నవాళ్లను చూసుకునే చాలా ఇళ్లలో జరిగేదిదే. మీ ఇంట్లో ఆ చేతులు అమ్మగారివే అయి ఉంటాయి. రేపు నలుగురూ మిమ్మల్ని ‘ఎంత మంచి మనవరాలు’ అంటారు. ఆమె రాత్రులు ఎవరికీ కనబడవు. ‘ఎవరి కోసం’ అనడంలో ఉన్న బాధ అదని నాకనిపిస్తోంది.

వెళ్లినప్పుడు పరుగు ఊసెత్తకండి. ‘నేను రాలేదు. భయపడ్డాను. నువ్వొక్కదానివే మోశావు’ అనండి, ఆ మూడు ముక్కలే. ఉద్యోగం, సెలవులు, దూరం అంటూ కారణాలు చెప్పడం మొదలుపెడితే మళ్లీ మొదటికొస్తుంది. ఆమె ఇంకో నాలుగు మాటలు అన్నా వినండి. వెంటనే మనసు కరగకపోవచ్చు.

‘ఎవరమ్మా నువ్వు’ అన్నమాట మీకెంత గుచ్చుకుందో అర్థమవుతోంది. డిమెన్షియాలో ఎక్కువమందికి ఉండేది అల్జీమర్స్. అది సాధారణంగా మెదడులో కొత్త జ్ఞాపకాలను పదిలపరిచే హిప్పోక్యాంపస్‌ను ముందుగా దెబ్బతీస్తుంది. అందుకే నిన్నటివి ముందు పోతాయి, ఏనాటివో చాలాకాలం నిలుస్తాయి. ఆయన మనసులో మీరింకా చిన్నపిల్లే అయి ఉండొచ్చు, ఎదురుగా నిలబడ్డ పెద్దమ్మాయితో ఆ పిల్లను కలుపుకోలేకపోయి ఉండొచ్చు. మిమ్మల్ని కాదనుకోవడం మాత్రం కాదది. ఇంకో సంగతి దాచను. ఎవరొచ్చారో మరిచిపోయినా, వచ్చినవాళ్లు ఇచ్చిన ఊరట ఆ మనుషుల్లో కొంతసేపు నిలుస్తుంది. కాబట్టి మీరు వెళ్లి ఉంటే బాగుండేది. ఇది మీకూ తెలుసు, అందుకే ఇంత బాధ. అప్పుడు ఈ జబ్బు సంగతి మీకెవరూ చెప్పి ఉండకపోవచ్చు.

ఆ అపరాధ భావాన్ని మాత్రం కాళ్ల మీదికి తేకండి. మోకాలు వాచినా ‘తాతయ్య ఇంతకన్నా పడ్డారు’ అనుకుంటూ పరుగెత్తితే అది శిక్షే అవుతుంది. నొప్పి పుడితే ఆగండి. దుఃఖం పొంగుకొస్తే పక్కకు తప్పుకొని ఏడవండి.

విరాళాలు అడుగుతూ రాసేది పంపేముందు అమ్మగారికి చూపించండి. ఆయన చివరి రోజుల ఫొటోలు, ఆయన సిగ్గుపడే వివరాలు పెట్టకండి. ఏది బయటికి చెప్పాలో ఆమె నిర్ణయానికే వదలండి. సంస్థను కూడా ఒకమాట అడగండి: ఈ డబ్బు పరిశోధనకా, రోగుల సేవకా? రెండూ మంచివే, కానీ ఇచ్చేవాళ్లకు తెలియాలి.

పరిశోధనకు డబ్బు అవసరమా అని ఎవరైనా అడిగితే ఇలా చెప్పండి. అలోయిస్ అల్జీమర్ ఈ జబ్బు గురించి తోటి వైద్యులకు మొదట వివరించింది 1906లో. జబ్బు వేగాన్ని కాస్త తగ్గించే లెకానెమాబ్ అనే మందుకు అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది 2023లో. అదీ తొలిదశలో ఉన్నవారికే. పరీక్షల్లో 18 నెలల కాలంలో క్షీణత సుమారు 27 శాతం తగ్గింది. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి స్కాన్లు తీస్తూ ఉండాలి. పోయిన జ్ఞాపకాలను తిరిగి తెచ్చే మందు ఇంకా రాలేదు.

మీ భయం సంగతి. ఇంట్లో ఒకరికి వస్తే ముప్పు కొంత పెరిగే మాట నిజమే కానీ, ఒకే జన్యువు వల్ల తరతరాలకూ దిగే రకం చాలా అరుదు, అల్జీమర్స్ కేసుల్లో సుమారు 1 శాతం, అంతకన్నా తక్కువే. అదీ ఎక్కువగా చిన్న వయసులోనే బయటపడుతుంది. మీ కుటుంబంలో అలా లేకపోతే జన్యుపరీక్షలకు పరుగెత్తాల్సిన పనిలేదు. 2024లో వైద్య పత్రిక లాన్సెట్ నిపుణుల కమిషన్ డిమెన్షియా ముప్పు పెంచే 14 కారణాలు చూపించి, వాటిని సరిచేయగలిగితే దాదాపు 45 శాతం డిమెన్షియా కేసులను ఆపవచ్చు లేదా వెనక్కి నెట్టవచ్చని చెప్పింది. వినికిడి లోపం, బీపీ, షుగర్, పొగతాగడం, ఒళ్లు కదపకపోవడం వాటిలో ఉన్నాయి. అమ్మగారికి బీపీ, షుగర్, వినికిడి పరీక్షలు చేయించండి. ఏళ్లపాటు రోగిని చూసుకున్నవాళ్లలో కుంగుబాటు ఎక్కువ, ఆమె నిద్ర ఎలా ఉందో కనుక్కోండి.

పరుగు కొత్తయితే 21 కిలోమీటర్లకు నాలుగైదు నెలలు పెట్టుకోండి. మాట్లాడుతూ పరుగెత్తగలిగే వేగం చాలు. మొదటి నెల అసలు నడకే ఎక్కువ. ఆ నడకకు అమ్మగారిని రమ్మనండి. మొదటి రోజు ఏమీ మాట్లాడుకోకపోయినా ఫర్వాలేదు.