అనూబిస్ పెర్ఫ్యూమ్ జంతువు వాసన వేస్తుందంటున్నారు, నిజమేనా? ఆఫీసుకి వేసుకోవచ్చా?

మొదటి ప్రశ్నకి జవాబు: అవును, వేస్తుంది. దాని గొప్పతనమంతా అక్కడే ఉంది. రెండోదానికి చివర్లో వస్తాను. ముందు ఈ "జంతువు వాసన" అనే మాట సంగతి తేలాలి. ఆ ఒక్క మాట విని ఎంతమంది ఇంత మంచి పరిమళాన్ని ముక్కు దగ్గరికి కూడా రానివ్వలేదో చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇంగ్లండులోని పాపియాన్ అనే చిన్న సంస్థ 2014లో దీన్ని తెచ్చింది. లిజ్ మూర్స్ అనే ఆవిడ తయారుచేశారు. చెప్పిన దినుసులు ఇవి: జాస్మిన్, స్వేడ్ తోలు, ఫ్రాంకిన్సెన్స్ ధూపం, ఇమ్మోర్టెల్ అనే పసుపురంగు పువ్వు, గులాబిరంగు తామర, కుంకుమపువ్వు. ఇంకోసారి చదవండి. ఇందులో కస్తూరి లేదు, పునుగు లేదు, అంబరు లేదు. తోలు అన్న మాట తప్ప జంతువు ఊసే లేదు. అయినా మణికట్టు మీద వేసుకుని పావుగంట ఆగితే వెచ్చటి ఒళ్లున్న ప్రాణి ఏదో పక్కనే పడుకుని ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది.

ఎక్కణ్ణుంచి వచ్చింది ఆ ప్రాణి? నా లెక్కలో సగానికి సగం జాస్మిన్ నుంచే. జాస్మిన్ పూల సారంలో సహజంగానే ఇండోల్ అనే పదార్థం ఉంటుంది, సుమారు 2.5 శాతం. అదే ఇండోల్ మలంలోనూ ఉంటుంది, కుళ్లుతున్న వాటిలోనూ ఉంటుంది. చాలా కొద్దిగా ఉంటే పువ్వు, మోతాదు పెరిగితే పశువుల పాక. ఇండోల్ తీసేసిన జాస్మిన్ సెంట్లు బజారులో బోలెడున్నాయి. వాటిని వాసన చూస్తే ప్లాస్టిక్ పువ్వు పక్కన నిలబడ్డట్టే ఉంటుంది, రాత్రిపూట పూసిన పువ్వు మాత్రం కాదు. దీనికి కుంకుమపువ్వులోని ఆ ఘాటైన, మందు సీసా మూత తీసినట్టుండే వాసన తోడైంది. కింద తోలు పరిచారు. ఇంకేం కావాలి?

ఇప్పుడు ఆ పేరున్న దేవుడి సంగతి. అనూబిస్ అంటే నక్కతల ఉన్న ఈజిప్టు దేవుడు. పేరు ఊరికే పెట్టలేదని నాకు గట్టి నమ్మకం. నైలు లోయలో శ్మశానాలు ఎడారి అంచున ఉండేవి. లోతు తక్కువ గోతుల్ని నక్కజాతి జంతువులు తవ్వి శవాలని బయటికి లాగేవి. ఈజిప్టువాళ్లు చేసిన పని చూడండి: శవాలని తవ్వే ఆ జంతువు తలనే దేవుడికి పెట్టి, ఆ దేవుణ్ణే శవాలకి కాపలా ఉంచారు. మమ్మీ చేసే గదిలో ముందుండేది ఆయనే. చనిపోయినవాళ్ల గుండెని మాఅత్ అనే న్యాయదేవత ఈకతో తూచేటప్పుడు త్రాసు ముల్లు చూసేదీ ఆయనే. ఆయన ఒంటి నలుపు రంగు కూడా నక్కది కాదు. అప్పట్లో నైలు వరద తెచ్చి పోసిన నల్లమట్టి రంగు అది, పునర్జన్మ రంగు. భయపెట్టేదాన్ని తరిమేయకుండా, దాని చేతికే కాపలా కర్ర ఇచ్చారన్నమాట.

ఈ పెర్ఫ్యూమ్ చేసేదీ అదే. మనం ముక్కు మూసుకునే వాసన ఒకటుంది, ఒంటిది, చెమటది, ఇంకాస్త ముందుకెళ్తే చావుది. దాన్ని దాచకుండా గుమ్మంలోనే నిలబెట్టి, దాని వెనక ధూపం, తేనె, పువ్వు పేర్చారు. అందుకే మొదటి పది నిమిషాలు చాలామందికి మింగుడుపడదు. గుమ్మంలో ఉన్నవాణ్ణి చూసి వెనక్కి తిరిగిపోయినవాళ్లకి లోపల ఏముందో ఎలా తెలుస్తుంది?

మా వదిన సంగతి చెప్పాలి ఇక్కడ. వదిన నర్సు. వాసనల విషయంలో నాకున్నవి అభిప్రాయాలు, ఆవిడకున్నది అనుభవం. శాంపిల్ సీసా వచ్చిన సాయంత్రం తను నైట్ డ్యూటీకి తయారవుతోంది. అద్దం ముందు నిలబడి, పిన్నులు పెదాల మధ్య పట్టుకుని జుట్టు ముడి వేసుకుంటోంది. నేను అప్పుడే చేతిమీద వేసుకుని, ఆగలేక మణికట్టు తీసుకెళ్లి ఆవిడ ముక్కు దగ్గర పెట్టాను. చటుక్కున తల వెనక్కి లాక్కుంది. పిన్నులు తీసి, "ఏంటే ఇది, అయోడిన్ పూసుకున్నావా?" అంది. కుంకుమపువ్వు వదినా అన్నాను. నమ్మలేదు. చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి తనంతట తనే నా చెయ్యి పట్టుకుని చూసింది. ఈసారి తొందరపడలేదు. కళ్లు మూసుకుని, ముక్కుని చర్మానికి ఆనించి మెల్లగా పీల్చింది. "సెంటులా లేదు. ఎవరో మనిషిలా ఉంది" అని వెళ్లిపోయింది.

ఆ రాత్రంతా ఆ చెయ్యి నన్ను పడుకోనివ్వలేదు. అయోడిన్ పదునంతా తగ్గి పువ్వు పైకి లేచింది. ఆ జాస్మిన్ తెల్లగా మెరిసే రకం కాదు, అంచులు గోధుమరంగు తిరిగి, రేకులు మెత్తబడి, రేపటికి రాలిపోయే పువ్వు. తర్వాత తోలు. కొత్త తోలు కాదు, చాన్నాళ్లు తొడుక్కున్న చేతి తొడుగు లోపలి వైపు. అర్ధరాత్రి దాటాక ఇమ్మోర్టెల్ వచ్చింది. ఎండుగడ్డి, కొంచెం మాడిన తేనె, ఎక్కడో ఉప్పదనం. ఆ దశలో దానికీ నా ఒంటికీ మధ్య గీత ఎక్కడుందో నాకే తెలీలేదు.

పొద్దున వదిన వచ్చేసరికి చేతిమీద ఏమీ లేదు గానీ, నేను కప్పుకున్న ఉన్ని శాలువా కుర్చీ మీద ఉంది. అలసటతో అందులో కూలబడి, శాలువా ఒళ్లోకి లాక్కుని, చెంపకి ఆనించుకుని అలాగే ఉండిపోయింది. "పసిపిల్లల మాడు వాసనే ఇది" అంది. కాసేపాగి, "మా వార్డులో అన్నీ తుడిచేస్తాం. తెల్లారేసరికి అక్కడ మనిషి వాసనే ఉండదు" అంది. రాత్రి ఏం జరిగిందో నేనడగలేదు, తను చెప్పలేదు. శాలువా మాత్రం తన గదిలోకి పట్టుకుపోయింది.

పసిపిల్లల మాట ఆవిడ యథాలాపంగా అన్నదే. నాకు మాత్రం వెంటనే సెనెత్నై గుర్తొచ్చింది. సెనెత్నై క్రీ.పూ. 1450 ప్రాంతంలో బతికిన ఈజిప్టు స్త్రీ, రెండో అమెన్‌హోతెప్ ఫారోకి పాలిచ్చి పెంచిన దాది. ఆవిడ అవయవాలు ఉంచిన జాడీల్ని హోవర్డ్ కార్టర్ 1900లో రాజుల లోయలో బయటికి తీశాడు. ఆ జాడీల లోపల అంటుకుని ఉన్న పూతని జర్మనీ పరిశోధకులు పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు: తేనెమైనం, మొక్కల నూనెలు, జంతువుల కొవ్వు, తారు, పైన్ జాతి చెట్ల బంక, ఇంకా కూమరిన్. కూమరిన్ అంటే ఎండుగడ్డీ వెనిల్లా కలిసినట్టుండే ఆ తీపి. ఒక దాదికి చివరగా పూసినదాంట్లో కొవ్వు, మైనం, ఎండుగడ్డి తీపి ఉన్నాయి. వదిన శాలువాలో పట్టుకున్నదీ దాదాపు అదే. ఇది యాదృచ్ఛికమని ఎవరన్నా అంటే అననివ్వండి, నేను మాత్రం ఒప్పుకోను.

ఇంకో మాట. మమ్మీలంటే కుళ్లు కంపు అనుకునేవాళ్లకి: కైరో మ్యూజియంలోని తొమ్మిది మమ్మీల వాసనని ల్యుబ్లియానా, లండన్ విశ్వవిద్యాలయాలవాళ్లు కలిసి పరీక్షించి 2025లో చెప్పిందేమిటంటే, ముఖ్యంగా తగిలింది కర్ర వాసన, మసాలా వాసన, తీపి వాసన. వేల ఏళ్ల తర్వాత కూడా! ధూపపు బంకలు, నూనెలు పెట్టిన కాపలా ఇంకా దిగలేదు.

ఇక నాకు ఒళ్లు మండే విషయాలు. ఒకటి, పేపర్ స్ట్రిప్ మీద చూసి తీర్పు ఇచ్చేవాళ్లు. కాగితానికి వేడి లేదు, నూనె లేదు, నాడి లేదు. ఇలాంటి పరిమళం కాగితం మీద సగం కూడా విప్పుకోదు. పాతకాలపు ఈజిప్టు పరిమళాలు అసలు ఒంటిమీద కరగడానికే పుట్టాయి. ఆల్కహాల్ బట్టీ పట్టడం వాళ్లకి తెలీదు. కొవ్వులోనో నూనెలోనో దినుసులు నానబెట్టి పూసుకునేవాళ్లు. టూటన్‌ఖామున్ సమాధిలో దొరికిన లేపనాన్ని 1920లలో పరీక్షిస్తే సుమారు 90 శాతం జంతువుల కొవ్వు, మిగతాది బంకలాంటి పదార్థమని తేలింది. ఆ లెక్కన జంతువు ఈజిప్టు పరిమళానికి కొత్తగా అంటగట్టింది కాదు, దాని పునాదే.

రెండు, "క్లీన్" అనే పేరుతో ఇప్పుడు వస్తున్న వరద. అన్నీ సబ్బు, అన్నీ ఉతికిన బట్ట. ఒంటికి వాసన ఉండటమే నేరమైనట్టు అమ్ముతున్నారు. లిఫ్టులో నలుగురు ఎక్కితే నలుగురిదీ ఒకే వాసన, కళ్లు మూసుకుంటే ఎవరెవరో తెలీదు. మూడు, బంగారు రంగు సీసా మీద పిరమిడ్డు బొమ్మో పురుగు బొమ్మో వేసి లోపల వెనిల్లా సిరప్ పోసేవాళ్లు. క్లియోపాత్రా పేరుతో ఉన్న పెర్ఫ్యూమ్‌లలో సగం ఆ బాపతే. ఆవిడ కాలంలో పేరుమోసిన, మెండెస్ అనే ఈజిప్టు ఊరి పరిమళంలో ముఖ్యమైనవి బోళం, దాల్చినచెక్క జాతి బెరడు, ఎడారి చెట్టు గింజల నూనె. చేదు, ఘాటు, జిడ్డు. పంచదార కాదు.

అసలు జంతువుల సరుకు గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నా. కస్తూరి మృగాన్ని చంపి, పునుగు పిల్లిని బోనులో పెట్టి తీసిన రోజులు నిజమే, అది క్రూరత్వమే. పునుగులోనూ కస్తూరిలోనూ వాసననిచ్చే అణువుల నిర్మాణాన్ని రుజిచ్కా అనే రసాయన శాస్త్రవేత్త 1926లో విప్పి చెప్పాడు, 1939లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. ఈరోజు పెర్ఫ్యూమ్‌లలో ఆ వాసనలు దాదాపుగా ప్రయోగశాలలో చేసినవే. కాబట్టి సహజమైన పునుగు అని గర్వంగా రాసుకున్న సీసా కనిపిస్తే ఆ జంతువుని ఎలా ఉంచారో అమ్మేవాణ్ణి అడగండి. సరైన జవాబు రాకపోతే కొనకండి.

ఇక ఆఫీసు. ఈజిప్టు గుళ్లలో ధూపానికి వేళలుండేవని పాతకాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు: పొద్దున ఒక బంక, మధ్యాహ్నం బోళం, సాయంత్రానికి కైఫీ. కైఫీ అంటే ద్రాక్షసారా, తేనె, ఎండుద్రాక్ష, తుంగ దుంపలు, బంకలు, ఆయన లెక్కలో మొత్తం 16 దినుసులు కలిపి చేసిన ధూపం. పగలంతా బిగుసుకున్న మనసుని అది వదులు చేస్తుందని, నిద్ర పట్టిస్తుందని ఆయన మాట. అనూబిస్ కచ్చితంగా సాయంత్రపు సరుకే. ట్యూబులైట్ కింద, ఏసీ గాలిలో, మీటింగు మధ్యలో దాన్ని ఎందుకు వేసుకోవడం? పైగా పక్క సీటువాళ్లు ఆ మొదటి పది నిమిషాలు అడిగి తెచ్చుకున్నవి కావు కదా.

అయినా వేసుకోవాలనే ఉంటే ఇలా చెయ్యండి. బయల్దేరడానికి కనీసం రెండు గంటల ముందు, చొక్కా కింద, పొట్టమీద ఒక్క స్ప్రే. మెడకి వద్దు, మణికట్టుకి వద్దు. రుద్దొద్దు. ఆఫీసు చేరేసరికి అయోడిన్ పోయి పువ్వు, తోలు మిగులుతాయి, అవీ మీ దగ్గరికి వంగినవాళ్లకే తగులుతాయి. మొదట శాంపిల్ మాత్రమే తెప్పించుకోండి, పెద్ద సీసా జోలికి పోకండి. సెలవురోజు సాయంత్రం వేసుకుని మర్నాటి దాకా ఉండనివ్వండి. ఉన్ని శాలువా ఉంటే భుజాన వేసుకోండి, ఉన్ని మీద ఇది రోజుల తరబడి నిలుస్తుంది. పొద్దున దాన్ని వాసన చూశాక కూడా నచ్చకపోతే, ఆ శాంపిల్ నాకు పంపండి.