కంచు గిన్నెలో పులుసు వండొచ్చా? కళాయి (లోపల తగరం పూత) వేయించాలా?

కంచుకి కళాయి అక్కర్లేదు. కళాయి కావాల్సింది ఇత్తడికి, రాగికి. కంచు అంటే దాదాపు 78 పాళ్ళు రాగి, 22 పాళ్ళు తగరం. ఆ తగరం వల్లే పులుపుకి తట్టుకుంటుంది. పప్పు, పులుసు నిశ్చింతగా వండుకోండి. కాకపోతే ఉడికాక చింతపండు పులుసుని రాత్రంతా అందులోనే ఉంచకండి, వేరే గిన్నెలోకి తీసేయండి.

అసలు భయపడాల్సింది దెబ్బకి. కంచు సొట్ట పడదు, పగులుతుంది. మా అమ్మమ్మ గిన్నె ఒకటి పొయ్యి మీద నుంచి దించగానే చన్నీళ్ళు పోయడంతో అంచు దగ్గర సన్నగా బీటలిచ్చింది. నాకు ఇప్పటికీ బాధే. అందుకే సన్న సెగ మీద వండండి, చల్లారాకే కడగండి. కొనేటప్పుడు అంచు మీద వేలితో కొట్టి చూడండి: మంచి కంచు ఖంగుమని చాలాసేపు మోగుతుంది, బీట ఉంటే బొంగురుగా పలుకుతుంది. శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇప్పటికీ కంచు, ఇత్తడి సామాను చేస్తున్నారు.

తోమడానికి చింతపండు, కాస్త ఉప్పు చాలు. ఇనుప పీచు వద్దు. కడగ్గానే పొడిగుడ్డతో తుడవండి, లేదంటే నీటి మరకలు పడతాయి.

సత్తు గిన్నె వేరు. అది తగరం, 232 డిగ్రీలకే కరిగిపోతుంది. చారు పోశాకే పొయ్యి వెలిగించండి.