బ్లాక్డ్ అకౌంట్‌లో డబ్బు వేశాం... చేతికి ఎంతిచ్చి పంపాలి?

ప్రశ్న: మా అబ్బాయికి జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఎం.ఎస్. సీటు వచ్చింది. లోన్ తీసుకుని, వీసా కోసం ఏడాది ఖర్చుల డబ్బు ముందే వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వేశాం. పార్ట్‌టైమ్ చేస్తే ఖర్చులు గడిచిపోతాయని, ఈ డబ్బులో సగం మిగులుతుందని వాడి ఫ్రెండ్స్ అంటున్నారు. మిగిలిన దాంతో లోన్ వడ్డీ కడదామనుకుంటున్నాం. ఇంకా చేతికి ఏమైనా ఇవ్వాలా? - ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, ఇవ్వాలి. సగం మిగులుతుందన్న లెక్కను మాత్రం ఇవాళే పక్కన పెట్టేయండి.

మీరు వేసిన డబ్బు మీ అబ్బాయి చేతికి ఒకేసారి రాదు. నెలకు 992 యూరోల చొప్పునే వస్తుంది. లెక్క సులువుగా ఉండటానికి యూరోకు 100 రూపాయలు అనుకుంటే నెలకు సుమారు 99 వేలు. వినడానికి పెద్ద మొత్తమే. కానీ దిగిన రోజు నుంచే అది అందదు. అక్కడికి చేరాలి, ఇల్లు దొరకాలి, మున్సిపల్ ఆఫీసులో అడ్రసు నమోదు చేసుకోవాలి, బ్యాంకు ఖాతా తెరవాలి. ఇదంతా అయ్యేసరికి కొన్ని వారాలు పడుతుంది. పెద్ద ఖర్చులన్నీ సరిగ్గా ఆ వారాల్లోనే మీద పడతాయి.

అందులో పెద్దది ఇంటి డిపాజిట్. మన దగ్గర అద్దె వేరు, మెయింటెనెన్స్ వేరు అంటాం కదా, అక్కడా అంతే. ఉత్త అద్దెను కాల్ట్‌మీట అంటారు. హీటింగ్, నీళ్లు కలిపితే వార్మ్‌మీట. ఉత్త అద్దెకు మూడు రెట్ల వరకు డిపాజిట్ అడగడానికి అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. 300 యూరోల గదికి 900 దాకా అన్నమాట. దానిపై మొదటి నెల అద్దె, యూనివర్సిటీకి ప్రతి ఆరు నెలలకు కట్టే సెమిస్టర్ ఫీజు, రెసిడెన్స్ పర్మిట్ ఫీజు, దుప్పటి నుంచి చలికోటు దాకా సామాను. అందుకే బ్లాక్డ్ అకౌంట్ కాకుండా కనీసం 2,000 నుంచి 2,500 యూరోలు, ఎక్కువ భాగం ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బు నింపుకునే కార్డు) వేసి పంపమని నా దగ్గరకు వచ్చే ప్రతి కుటుంబానికీ చెబుతాను. ఇంకో మాట. గది చూడకముందే డిపాజిట్ పంపమనే వాళ్లకు పైసా కూడా పంపవద్దు. మోసాలు ఎక్కువ జరిగేది అక్కడే.

తర్వాత నెలలు కాస్త తేలిక. మ్యూనిక్‌లో నలుగురూ పంచుకునే ఇంట్లో ఒక్క గదికే 700, 800 యూరోలు పోతాయి. మాగ్డెబర్గ్‌లో 300, 350లో దొరుకుతుంది. ఈ ఒక్క విషయంలో మీవాడు అదృష్టవంతుడు. హెల్త్ ఇన్సూరెన్స్‌కు సుమారు 140, 150 వేసుకోండి. అది తప్పించుకోలేని ఖర్చు. ఇంట్లో వండుకుంటే తిండికి 200 చాలు. ఫోను, ఇంటింటికీ నెలకు 18.36 యూరోలు వేసే రేడియో-టీవీ రుసుములో తన వంతు, చిల్లర ఖర్చులు కలిపితే 800 దాటుతుంది. మిగిలే 150, 200 సెమిస్టర్ ఫీజుకూ అనుకోని ఖర్చుకూ పోతాయి.

ఇక పార్ట్‌టైమ్. విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదంటే 280 సగం రోజులు పనిచేయవచ్చు. 2026 జనవరి నుంచి గంటకు కనీస వేతనం 13.90 యూరోలు. కాగితం మీద బాగానే కనిపిస్తుంది. కానీ జర్మన్ రాకపోతే దొరికేవి గోడౌన్ పనుల్లాంటివే, అవీ వెంటనే దొరకవు. మొదటి ఆరు నెలల సంపాదన సున్నా అనే రాసుకోండి. వడ్డీ భారం పిల్లవాడి మీద పెడితే వాడు పరీక్షలు వదిలి షిఫ్టులకు పరిగెడతాడు. రెండేళ్ల చదువు మూడేళ్లవుతుంది. ఇలా అయిన పిల్లల్ని చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. వడ్డీ మీ జీతాల్లోంచే కట్టే ఏర్పాటు చేసుకోండి.

ఎవరూ చెప్పని విషయం ఇంకొకటుంది. మీరు వేసింది ఒక్క ఏడాదికే. పర్మిట్ పొడిగించుకునేటప్పుడు రెండో ఏడాదికి కూడా డబ్బుందని మళ్లీ చూపించాలి. అప్పటికి మంచి పార్ట్‌టైమ్ ఉద్యోగం ఉంటే ఆ జీతం కొంత ఆదుకుంటుంది. లేకపోతే మళ్లీ మీరే పంపాలి. 2024లో 90 రూపాయల దగ్గరున్న యూరో 2025లో 100 దాటింది. అందుకే లోన్ మొత్తం రెండేళ్లకూ శాంక్షన్ అయిందో లేదో ఈ వారమే బ్యాంకులో అడగండి.

సామాను సర్దేటప్పుడు నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి పెట్టకండి. పాలతో, మాంసంతో చేసినవి ప్రయాణికులు యూరప్‌లోకి తేకూడదు, కస్టమ్స్‌లో తీసేసుకుంటారు. కందిపొడి, గోంగూర పచ్చడి నిక్షేపంగా పెట్టండి. అక్కడ కరెంటు పొయ్యిలే ఎక్కువ కాబట్టి అడుగు చదునుగా ఉన్న స్టీలు కుక్కర్ ఒకటి, చిన్నది, కొనివ్వండి. అన్నం, పప్పు వండటం ప్రయాణంలోపే నేర్పించండి.