టెక్ సందేహాలు: హ్యాండ్‌హెల్డ్‌లో విండోస్ ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న: నాది 2023లో వచ్చిన ఆర్‌ఓజీ ఆలీ, చేత్తో పట్టుకుని ఆడే గేమింగ్ పీసీ (హ్యాండ్‌హెల్డ్). విండోస్ 11తో వచ్చింది. స్టీమ్‌ఓఎస్ వేస్తే గేమ్‌లు వేగంగా నడుస్తాయంటున్నారు. మార్చమంటారా?

స్టీమ్‌ఓఎస్ అంటే స్టీమ్ గేమ్ స్టోర్‌ను నడిపే వాల్వ్ సంస్థ తన స్టీమ్ డెక్ హ్యాండ్‌హెల్డ్ కోసం లినక్స్ మీద కట్టిన ఓఎస్. వేగం మాట కాసేపు పక్కన పెట్టండి. కొన్ని గేముల్లో ఫ్రేములు పెరుగుతాయి, కొన్నింట్లో తేడా కనబడదు. ఏ ఓఎస్ వేసుకోవాలో తేల్చేది మీరు రోజూ ఆడే గేమ్‌లే.

ఆన్‌లైన్‌లో పోటీపడే గేమ్‌లతోనే చిక్కు. ఫోర్ట్‌నైట్, వాలరెంట్, కాల్ ఆఫ్ డ్యూటీ, బ్యాటిల్‌ఫీల్డ్ 6 స్టీమ్‌ఓఎస్‌లో నడవవు. కారణం గ్రాఫిక్స్ కాదు, మోసాలను పట్టే యాంటీ చీట్. వాలరెంట్‌లోని వాన్‌గార్డ్ లాంటివి విండోస్ కెర్నెల్ (ఓఎస్‌కు గుండెకాయ లాంటి భాగం) లోపలే కూర్చుని పనిచేస్తాయి. లినక్స్ మీద వాటికి ఆ చోటు లేదు. ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ అనే రెండింటికీ 2021 నుంచి లినక్స్ మద్దతు ఉంది, కానీ దాన్ని ఆన్ చేయాల్సింది గేమ్ తయారుచేసిన సంస్థ. ఆన్ చేసినవాళ్లు మళ్లీ ఆఫ్ చేయొచ్చు కూడా. ఏపెక్స్ లెజెండ్స్ కొన్నేళ్లు స్టీమ్ డెక్‌లో బాగానే ఆడింది, 2024లో లినక్స్‌కు తలుపులు మూసేశారు. అదే ఏడాది జీటీఏ ఆన్‌లైన్‌కు బ్యాటిల్‌ఐ తగిలించాక అదీ పోయింది. కాబట్టి ‘ఇవాళ నడుస్తోంది’ అన్నది ఇవాళ్టి మాటే.

ఒంటరిగా ఆడే గేమ్‌లకు ఈ గొడవ లేదు. సైబర్‌పంక్ 2077, హేడీస్ లాంటివి ప్రోటాన్ మీద హాయిగా నడుస్తాయి. విండోస్ కోసం రాసిన గేమ్ అడిగే పనులను లినక్స్‌కు అర్థమయ్యేలా మార్చిపెట్టేదే ప్రోటాన్. అది స్టీమ్‌లోనే ఉంటుంది, మీరు విడిగా ఏదీ వేయక్కర్లేదు.

మార్చే ముందు ఎక్కువగా ఆడే పది గేముల పేర్లు రాసుకుని, ఒక్కోదాన్నీ ప్రోటాన్‌డీబీ సైట్‌లో వెతకండి, ఏ గేమ్ ప్రోటాన్ మీద ఎలా నడిచిందో ఆడినవాళ్లే అక్కడ రాస్తారు. పైన కనిపించే బంగారు, ప్లాటినం పతకాలను చూసి ఆగిపోకండి. పాత రివ్యూలన్నీ కలిపితే వచ్చిన పతకం అది. కిందికి దిగి గత రెండు మూడు నెలల్లో రాసినవి చదవండి. ఆన్‌లైన్ గేములకైతే ‘ఆర్ వుయ్ యాంటీ చీట్ యెట్’ సైట్ చూడండి. ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ చందాదారులైతే ఇంకో సంగతి: ఆ గేమ్‌లు లినక్స్‌లో ఇన్‌స్టాల్ కావు, బ్రౌజర్‌లో క్లౌడ్ ద్వారా మాత్రమే ఆడాలి. ఎపిక్, గాగ్ స్టోర్లలో కొన్నవి హీరోయిక్ లాంచర్‌తో తెచ్చుకోవచ్చు.

ఆ పదింటిలో మీరు వదులుకోలేనిది ఒక్కటి ఆగిపోతున్నా విండోస్‌లోనే ఉండండి.

ప్రశ్న: నా గేమ్‌లన్నీ నడుస్తాయని చూసుకున్నాను. ఇక ఎలా వేయాలి? ఏమైనా పోతుందా?

డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. వాల్వ్ ఇచ్చే రికవరీ ఇమేజ్ (ఓఎస్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైల్) లోపలి ఎన్‌వీఎంఈ డ్రైవ్‌ను మొత్తం తుడిచేసి స్టీమ్‌ఓఎస్ పెడుతుంది, విండోస్‌కు చోటు మిగల్చదు. క్లౌడ్ సేవ్ లేని గేముల సేవ్ ఫైళ్లను ముందే వేరేచోట పెట్టుకోండి.

విండోస్ ఉండగానే మూడు పనులు చేయాలి. ఒకటి, బయోస్‌ను (ఓఎస్ కన్నా ముందు లేచే ప్రోగ్రామ్) తాజా వెర్షన్‌కు తెచ్చుకోవాలి. చాలా సంస్థలు బయోస్ అప్‌డేట్‌ను విండోస్ ప్రోగ్రామ్‌గానే ఇస్తాయి. రెండు, బిట్‌లాకర్ (విండోస్ డ్రైవ్‌కు వేసే తాళం) రికవరీ కీ దగ్గర పెట్టుకోవాలి. విండోస్ 11 చాలాసార్లు అడక్కుండానే డ్రైవ్‌ను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. మీరు సెక్యూర్ బూట్ (నమ్మకమైన ఓఎస్‌నే తెరవనిచ్చే బయోస్ రక్షణ) ఆపగానే 48 అంకెల కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో ఆ కీ ఉంటుంది, ముందే కాగితం మీద రాసుకోండి. మధ్యలో మనసు మారి వెనక్కి రావాలంటే అదే దిక్కు. మూడు, ఇమేజ్‌ను రూఫస్ లేదా బలేనా ఎచర్‌తో కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రాయాలి.

మొదటి ఆలీకి టైప్-సీ పోర్ట్ ఒక్కటే. పెన్‌డ్రైవ్ పెడితే చార్జర్‌కు చోటుండదు, అందుకని చార్జింగ్ దాటించే హబ్ ఒకటి కావాలి. పూర్తిగా ఆపేసి, వాల్యూమ్ తగ్గించే బటన్ నొక్కిపట్టి పవర్ నొక్కితే బయోస్ వస్తుంది. అడ్వాన్స్‌డ్ మోడ్‌లో సెక్యూరిటీ కింద సెక్యూర్ బూట్ ఆపి, సేవ్ చేసి, మళ్లీ బయోస్‌లోకే వచ్చి పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయండి. డెస్క్‌టాప్ వచ్చాక డ్రైవ్‌ను తుడిచి ఇన్‌స్టాల్ చేసే ఐకాన్ కనబడుతుంది. పనయ్యాక మొదటిసారి వైఫై అడిగి అప్‌డేట్ దించుకుంటుంది, ఆ సమయంలో చార్జర్ తీయకండి.

వెనక్కి రావాలనుకుంటే ఆలీ బయోస్‌లోనే క్లౌడ్ రికవరీ ఉంది, అది ఇంటర్నెట్ నుంచి విండోస్‌ను మళ్లీ దించి పెడుతుంది. విండోస్ లైసెన్స్ కీ డ్రైవ్‌లో కాకుండా పరికరం ఫర్మ్‌వేర్‌లో ఉంటుంది కనుక మళ్లీ కొనక్కర్లేదు.

ప్రశ్న: రెండూ ఉంచుకోవచ్చు కదా?

ఉంచుకోవచ్చు, స్టీమ్‌ఓఎస్ రికవరీ ఇమేజ్‌తో కాదు, బాజైట్‌తో. ఇది ఫెడోరా అనే లినక్స్ మీద కట్టిన ఓఎస్. తెర, మెనూలు అచ్చం స్టీమ్ డెక్‌లా ఉంటాయి. వాల్వ్ పెద్దగా పట్టించుకోని హ్యాండ్‌హెల్డ్‌లకు కూడా బటన్ల మద్దతు ఉంటుంది. అప్‌డేట్ తేడా చేస్తే బూట్ మెనూలో నుంచి పాత వెర్షన్‌కు వెళ్లిపోవచ్చు. ఆలీ, లెనోవో వాళ్ల లీజన్ గో రెండింటికీ నా ఓటు దీనికే.

అన్నిటికన్నా నిశ్చింతైన పద్ధతి: విండోస్ డ్రైవ్‌ను ముట్టుకోకుండా బయటి ఎస్‌ఎస్‌డీలో బాజైట్ వేసి వారం రోజులు ఆడి చూడటం. ఒకే డ్రైవ్‌లో రెండూ పెట్టాలంటే ముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఖాళీ చోటు తీయండి. ఆ తర్వాత మూడు చికాకులు వస్తాయి. విండోస్ పెద్ద అప్‌డేట్ తర్వాత బూట్ వరుసలో తనను ముందుకు తెచ్చుకుంటుంది. బయోస్‌లోకి వెళ్లి బాజైట్‌ను మళ్లీ మొదట పెట్టాలి. గడియారం తప్పుతుంది, ఎందుకంటే విండోస్ స్థానిక సమయాన్ని, లినక్స్ యూటీసీని (ప్రపంచ ప్రామాణిక సమయాన్ని) రాసుకుంటాయి. మూడోది అసలైన తలనొప్పి. స్థలం ఆదా అవుతుందని ఒకే ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ పద్ధతి) పార్టిషన్‌లో గేమ్‌లు పెట్టి రెండు ఓఎస్‌ల నుంచి వాడబోతారు. ప్రోటాన్ తన ఫోల్డర్లలో కోలన్ (:) గుర్తున్న పేర్లు పెడుతుంది, విండోస్ వాటిని ఒప్పుకోదు. ఎప్పుడో డిస్క్ చెక్ నడిచి వాటిని ‘బాగుచేస్తుంది’, ఆ గేమ్ ఇక తెరుచుకోదు. గేమ్‌ను రెండుచోట్లా విడివిడిగా వేసుకోండి.

ప్రశ్న: విండోస్‌లోనే ఉంటాను. కానీ సంచిలో పెడితే వేడెక్కి, తీసేసరికి బ్యాటరీ ఖాళీ అవుతోంది.

విండోస్ హ్యాండ్‌హెల్డ్‌లకు ఉన్న పెద్ద లోటు ఇదే. ఇందులో నిద్ర పూర్తి నిద్ర కాదు, నెట్‌వర్క్ కోసమో అప్‌డేట్ కోసమో అది మధ్యలో లేస్తుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీకి వెళ్లి పవర్ బటన్ నొక్కితే హైబర్నేట్ (పనిని డ్రైవ్‌లో దాచి పూర్తిగా ఆగిపోవడం) అయ్యేలా పెట్టండి. ఆ ఎంపిక కనబడకపోతే ముందు హైబర్నేషన్‌ను ఆన్ చేయాలి. తిరిగి లేవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, బ్యాటరీ మాత్రం దాదాపు పెట్టినంతా ఉంటుంది.

ఫుల్ స్క్రీన్ ఎక్స్‌పీరియన్స్ కూడా ఆన్ చేయండి, సెట్టింగ్స్‌లో గేమింగ్ కింద ఉంటుంది. 2025 అక్టోబర్‌లో ఆర్‌ఓజీ ఎక్స్‌బాక్స్ ఆలీతో మొదలై తర్వాత మిగతా హ్యాండ్‌హెల్డ్‌లకూ వచ్చింది. డెస్క్‌టాప్‌ను లోడ్ చేయకుండా నేరుగా ఎక్స్‌బాక్స్ యాప్‌లోకి తెరుచుకుంటుంది, కొంత మెమరీ మిగులుతుంది. 16 జీబీలోనే గ్రాఫిక్స్‌కూ వాటా ఇవ్వాల్సిన పరికరంలో అది తక్కువేమీ కాదు.

ప్రశ్న: ఎంఎస్ఐ క్లా 8 ఏఐ ప్లస్ హ్యాండ్‌హెల్డ్‌లో స్టీమ్‌ఓఎస్ వేయొచ్చా?

వద్దు. అందులో ఉన్నది ఇంటెల్ చిప్, వాల్వ్ ఇమేజ్ ప్రధానంగా ఏఎమ్‌డీ చిప్‌ల కోసం. విండోస్‌లోనే ఉండండి, తప్పనిసరైతే బాజైట్‌ను బయటి ఎస్‌ఎస్‌డీలో చూడండి.

ప్రశ్న: స్టీమ్ డెక్‌లో గేమ్ పాస్ కోసం విండోస్ వేద్దామనుకుంటున్నాను.

డ్రైవర్లను వాల్వే ఇస్తుంది, రెండు ఓఎస్‌లు పెట్టే సాధనం మాత్రం ఇవ్వదు. రూఫస్‌లో విండోస్ టు గో (బయటి డ్రైవ్ నుంచే విండోస్ నడిపే పద్ధతి) ఎంచుకుని బయటి ఎస్‌ఎస్‌డీలో వేసుకోండి, లోపలి స్టీమ్‌ఓఎస్ భద్రంగా ఉంటుంది. మైక్రో ఎస్‌డీలో వేస్తే ప్రతి క్లిక్‌కూ ఎదురుచూడాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర పక్కకు తిరిగి ఉంటుంది, ఎందుకంటే ఆ ప్యానెల్ అసలు నిలువుది. ఇక బటన్లు: స్టీమ్ నడవనప్పుడు డెక్ బటన్లను విండోస్ మౌస్, కీబోర్డ్‌గానే చూస్తుంది. ఎక్స్‌బాక్స్ యాప్‌లో గేమ్ తెరిచి ‘కంట్రోలర్ పనిచేయట్లేదు’ అనుకునేది ఇక్కడే. హ్యాండ్‌హెల్డ్ కంపానియన్ అనే ప్రోగ్రామ్ వేసుకుంటే డెక్ ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌గా కనబడుతుంది.